సొంతదారును గుర్తుపట్టని యంత్రం

2019 ఫిబ్రవరిలో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో ఆపిల్ సంస్థ మీద ఒక దావా పడింది. వేసినాయన ఆ సంస్థ వినియోగదారుడే. తన ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ తగిలించారనీ, వద్దనుకుంటే తీసేసే దారి లేదనీ, దాంతో సొంత ఫోనూ సొంత కంప్యూటరూ వాడుకోవడానికి లాగిన్ అయినప్పుడల్లా రెండు నుంచి ఐదు నిమిషాలు పోతున్నాయనీ ఆయన గోడు. ఈ భద్రత ఖాతాకు చేరగానే సంస్థ నుంచి ఒక ఈమెయిల్ వస్తుంది. పాత పద్ధతికి తిరిగి వెళ్లే లింకు అందులో ఉంటుంది గానీ, దాని ఆయుష్షు 14 రోజులే. పదిహేనో రోజు మనసు మారితే లాభం లేదు.

ఓటీపీ కొట్టడానికి బద్ధకించి కోర్టుకెక్కాడని నవ్వుకున్నవాళ్లు చాలామంది. 2020లో న్యాయమూర్తి లూసీ కో ఆ కేసును కొట్టేశారు కూడా. కానీ ఆ దావాలో నిలబడని నిమిషాల లెక్కల కింద నిలబడే ప్రశ్న ఒకటి ఉంది. డబ్బు పెట్టి కొనుక్కున్న వస్తువు తలుపు ఎంత గట్టిగా ఉండాలో నిర్ణయించేది కొన్నవాడా, అమ్మినవాడా? ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. కాకపోతే ముందు ఆ తలుపు ఎలా పనిచేస్తుందో చూడాలి. అది తెలియకుండా తిట్టడం తేలికే గానీ, సరైన చోట తిట్టలేం.

పాస్‌వర్డ్‌కు పుట్టుకతోనే ఒక జబ్బుంది. దాన్ని ఎవరైనా ఎత్తుకుపోతే మనకు తెలియదు. పర్సు పోతే జేబు ఖాళీ అవుతుంది. పాస్‌వర్డ్ పోయినా మన దగ్గర అలాగే ఉంటుంది, దొంగ దగ్గర ఇంకొకటి ఉంటుంది. ఇది ఇంటర్నెట్ తెచ్చిన తంటా కాదు. 1960ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం ఒకే కంప్యూటర్‌ను చాలామంది పంచుకునే ఏర్పాటు చేసి, ఎవరి ఫైళ్లు వారికి ఉండేలా పాస్‌వర్డ్‌లు పెట్టింది. 1962లోనే అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, తనకు కేటాయించిన గంటలు చాలక, పాస్‌వర్డ్‌ల ఫైలు మొత్తాన్ని ప్రింటు తీయించుకున్నాడు. తాళంచెవుల గుత్తి దొరకడానికి ఆయన చేసిందల్లా ఒక పంచ్ కార్డు పెట్టడం! ఈ సంగతి ఆయన ఓ పాతికేళ్ల తర్వాత గానీ ఒప్పుకోలేదు.

మందు కూడా పాతదే. తెలిసిన విషయం ఒక్కటే చాలదు, చేతిలో ఒక వస్తువు కూడా ఉండాలి అన్నారు. 1967 జూన్‌లో లండన్ శివారు ఎన్‌ఫీల్డ్‌లో బార్‌క్లేస్ బ్యాంకు పెట్టిన నగదు యంత్రం ఈ పద్ధతిదే. దాన్ని రూపొందించిన జాన్ షెపర్డ్-బారన్ పుట్టింది మన షిల్లాంగ్‌లో. ప్రత్యేకమైన చెక్కు లోపల పెట్టాలి, రహస్య అంకెలు నొక్కాలి. ఆరంకెలు పెడదామనుకుంటే, వంటింటి బల్ల దగ్గర తన భార్య నాలుగే గుర్తుంటాయన్నదని, అందుకే పిన్ నాలుగంకెలకు కుదిరిందని ఆయన చెప్పేవారు. భద్రతకు హద్దు గీసేది గణితం కాదు, మనిషి ఓపిక. భద్రతా నిపుణులు ఇప్పటికీ తరచు మరిచిపోయేది దీన్నే.

ఇప్పుడు మన ఫోన్ తెర మీద మెరిసే ఆరంకెల సంగతి. ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఓటీపీ తయారయ్యేది సర్వర్‌లో. అది ఏదో ఒక సంఖ్యను ఎంచి టెలికాం కంపెనీ ద్వారా మనకు పంపుతుంది. ఇందులో చెప్పుకోదగ్గ చమత్కారం లేదు. చమత్కారమంతా ఆథెంటికేటర్ యాప్‌లో ఉంది. సిగ్నల్ లేకపోయినా, ఫోన్‌ను విమానం మోడ్‌లో పెట్టినా అందులో అంకెలు 30 సెకండ్లకోసారి మారుతూనే ఉంటాయి. ఎవరితోనూ మాట్లాడకుండా ఆ యాప్‌కు సర్వర్ మనసులోని అంకె ఎలా తెలుస్తోంది?

ఇద్దరి దగ్గరా రెండు వస్తువులు ఉమ్మడిగా ఉన్నాయి. మొదటిది, ఖాతా కలిపేటప్పుడు క్యూఆర్ కోడ్‌లో దాగి వచ్చిన ఒక రహస్య సంఖ్య. రెండోది కాలం. 1970 జనవరి 1 నుంచి ఎన్ని సెకండ్లు గడిచాయో ప్రపంచంలోని చాలా కంప్యూటర్లు లెక్కపెడుతుంటాయి. 2027 సంక్రాంతి రోజుల్లో, జనవరి 15 మధ్యాహ్నం మన టైము ప్రకారం ఒకటిన్నరకు, ఆ లెక్క సరిగ్గా 180 కోట్లవుతుంది. దాన్ని 30తో భాగిస్తే 6 కోట్లు. ఈ 6 కోట్లనూ, రహస్య సంఖ్యనూ కలిపి ఒక గణిత ప్రక్రియలో వేస్తే 160 బిట్ల పొడవున చిందరవందరగా కనిపించే ఫలితం వస్తుంది. అందులో ఎక్కడినుంచి ముక్క కోయాలో దాని చివరి నాలుగు బిట్లే చెబుతాయి. కోసిన ముక్కను 10 లక్షలతో భాగించగా మిగిలిన శేషమే మన ఆరంకెలు. అర నిమిషం గడిచేసరికి 6 కోట్లు కాస్తా 6 కోట్ల ఒకటి అవుతుంది, అంకెలు పూర్తిగా మారిపోతాయి. అటు సర్వర్ కూడా ఇదే లెక్క చేసి రెండూ సరిపోయాయా అని చూసుకుంటుంది. ఫలితం నుంచి రహస్యాన్ని వెనక్కి తోడలేకపోవడంలోనే దీని బలముంది. ఒకసారే పనికొచ్చే పాస్‌వర్డ్‌ల ఆలోచనను లెస్లీ లాంపోర్ట్ 1981లోనే ప్రచురించాడు. గడియారంతో ముడిపడిన నేటి పద్ధతి అందరికీ ఉమ్మడి ప్రమాణంగా ఖరారైంది 2011లో.

ఇంత చక్కటి లెక్కను కంపెనీలు ఇష్టమున్నవాళ్లకు వదిలేయకుండా అందరికీ తప్పనిసరి ఎందుకు చేశాయి? 2012 ఆగస్టులో వైర్డ్ పత్రిక విలేఖరి మ్యాట్ హోనన్‌కు జరిగింది చూస్తే తెలుస్తుంది. దుండగులు ఆయన పాస్‌వర్డ్‌ను ఛేదించనే లేదు. ఒక కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి మాయమాటలతో ఆయన క్రెడిట్ కార్డు చివరి నాలుగంకెలు సంపాదించారు. ఇంకో కంపెనీ కస్టమర్ కేర్‌కు ఆ నాలుగంకెలే రుజువుగా చూపించారు. గంటలోపే ఆయన ఫోనూ, టాబ్లెట్టూ, ల్యాప్‌టాపూ దూరం నుంచే తుడిచిపెట్టుకుపోయాయి. పసికూతురి ఫొటోలు కూడా వాటిలోనే ఉన్నాయి. 2014లో సినీతారల సొంత ఫొటోలు ఐక్లౌడ్ ఖాతాల నుంచి బయటికి పొక్కినప్పుడు లోకమంతా గగ్గోలు పెట్టింది. ఆపిల్ మరుసటి ఏడాది కొత్త రెండంచెల పద్ధతి తెచ్చింది. గూగుల్ 2021లో 15 కోట్ల మందికి, వాళ్లు అడగకుండానే, దీన్ని ఆన్ చేసింది. వాళ్లలో ఖాతాలు దొంగలపాలవడం సగానికి తగ్గిందని తర్వాత ప్రకటించింది.

అంటే ఫలితం నిజమే. రెండు అమెరికన్ విశ్వవిద్యాలయాలతో కలిసి గూగుల్ 2019లో వెలువరించిన పరిశోధనలో, ఎస్సెమ్మెస్ కోడ్ ఒక్కటే యాంత్రిక దాడులను నూటికి నూరు శాతం, మూకుమ్మడి వలలను 96 శాతం, ఒక మనిషిని గురిపెట్టి చేసిన దాడులను 76 శాతం ఆపింది. ఇంత చవగ్గా ఇంత పని చేసే మందు కంప్యూటర్ భద్రతలో ఇంకొకటి లేదు. అదే పరిశోధనలో ఇంకో సంఖ్య కూడా ఉంది. దాన్ని ప్రచారపత్రాల్లో వేయరు. సొంతదారులనే ఇలా పరీక్షిస్తే, ఆ సమయానికి 38 శాతం మంది దగ్గర ఫోన్ అందుబాటులో లేదు. తమ రెండో ఈమెయిల్ చిరునామా ఏమిటో 34 శాతం మందికి గుర్తులేదు.

జనం చిరాకుకు ఉన్న శాస్త్రీయ రూపం ఈ 38 శాతమే. సర్వర్‌కు మనుషులు కనిపించరు, రుజువులే కనిపిస్తాయి. ఫోన్ బావిలో పడేసుకున్న యజమానీ, ఆ ఫోన్ ఎన్నడూ చూడని దొంగా దాని లెక్కలో ఒక్కటే. ఇద్దరూ "నేనే, నమ్మండి" అంటారు, ఇద్దరి చేతిలోనూ రుజువు ఉండదు. రెండో అంచె దొంగ పని ఎంత కష్టం చేస్తుందో, ఫోన్ పోగొట్టుకున్న రోజున యజమాని పనినీ అంతే కష్టం చేస్తుంది. గణితంలో దీనికి తప్పుకునే దారి లేదు.

కొన్ని చిరాకులకు మాత్రం అర్థముంది. ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచి లాగిన్ అవుతుంటే, కోడ్ అదే ల్యాప్‌టాప్ తెర మీదికి వస్తుంది. దీన్ని చూసి ఎగతాళి చేయనివాళ్లు తక్కువ. నిజానికి అక్కడ పరీక్ష జరుగుతున్నది మీ యంత్రానికి కాదు. మీ పాస్‌వర్డ్ కొట్టేసి ఎక్కడో పరాయి దేశంలో కూర్చున్నవాడికి ఆ తెర కనిపించదు, మీకు కనిపిస్తుంది. ఆ తేడా చాలు. పైగా నమ్మకమైనదిగా నమోదైన యంత్రంలో మళ్లీ మళ్లీ అడగరు, కొత్త చోట నుంచి వచ్చినప్పుడే అడుగుతారు.

అర్థం లేని చిరాకులు వేరే ఉన్నాయి. వాటికి మూలం ఒక్కటే, మనిషికీ మొబైల్ నంబరుకూ ముడి శాశ్వతమని అనుకోవడం. గుంటూరులో ఉన్న తల్లిదండ్రులకు డాలస్‌లోని కొడుకు ఫోన్ కొనిచ్చి, ఖాతా తెరిచి, కంగారెందుకని తన నంబరే ఇచ్చేస్తాడు. ఇక్కడ నాన్నగారు పగలు పదకొండింటికి లాగిన్ అయితే, వేసవిలో అక్కడ అర్ధరాత్రి పన్నెండున్నర. "ఒరేయ్, ఏదో నంబరొచ్చిందట, చెప్పు" అని ఇక్కణ్నుంచి ఫోన్. "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు నాన్నా" అని వారం కింద బోధించిన కొడుకే నిద్రమత్తులో ఆరంకెలూ చదువుతాడు. ఆ ఇంట్లో ఆ సూత్రానికి ఆనాటితో విలువ పోయింది. రేపు ఇంకెవడో కొడుకు స్నేహితుణ్నంటూ ఫోన్ చేసి అడిగితే నాన్నగారు చెప్పకుండా ఉంటారా?

తిరగేసి చూసినా ఇదే కథ. చదువుకోసం వెళ్లిన పిల్లలు ఇక్కడి సిమ్‌కు రీఛార్జ్ మానేస్తారు. మన దేశంలో రద్దయిన నంబరును కనీసం 90 రోజులు ఆపి ఇంకొకరికి ఇస్తారు. అమెరికాలో ఆ ఆపుదల 45 రోజులే. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో అరవింద్ నారాయణన్, ఆయన సహచరుడు కెవిన్ లీ 2021లో, అక్కడి రెండు పెద్ద టెలికాం కంపెనీలు కొత్త చందాదారులకు చూపుతున్న 259 నంబర్లను పరిశీలించారు. వాటిలో 171 నంబర్లకు పాతవాళ్ల ఖాతాలు ఇంకా అతుక్కునే ఉన్నాయి. ఆ నంబరు తీసుకున్నవాడు కావాలనుకుంటే పాస్‌వర్డ్ మరిచిపోయానని నొక్కి చూడొచ్చు. దొంగతనం కూడా అక్కర్లేదు, నంబరు దానంతటదే నడిచొచ్చింది.

నంబరును ఎత్తుకుపోయే పద్ధతీ ఉంది. మీ పేరుతో డూప్లికేట్ సిమ్ తీయించడమే. 2019లో ట్విటర్ అధినేత జాక్ డోర్సీ సొంత ట్విటర్ ఖాతానే ఇలా దుండగుల చేతికి పోయింది. అందుకే మన దగ్గర సిమ్ మార్చాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు. 2024 జులై నుంచి సిమ్ మార్చిన ఏడు రోజుల దాకా వేరే కంపెనీకి పోర్ట్ కానివ్వరు.

ఓటీపీకి తెలుగువాళ్లు ప్రపంచంలో చాలామంది కంటే ముందే అలవాటుపడ్డారు. ఇంటర్నెట్‌లో కార్డు వాడాలంటే రెండో ధ్రువీకరణ ఉండి తీరాలని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుంచే నియమం పెట్టింది. అప్పటికి అమెరికాలో కార్డు వెనక మూడంకెలు చెబితే చాలు. మనవాళ్లూ విసుక్కున్నారు, తర్వాత అలవాటైంది. రిజర్వు బ్యాంకు కూడా క్రమంగా మెత్తబడింది. దుకాణంలో కార్డు తాకించి 5,000 రూపాయల లోపు చెల్లిస్తే పిన్ అడగనక్కర్లేదంది. ప్రమాదం చిన్నదైతే అడ్డూ చిన్నదే ఉండాలన్నది మంచి సూత్రం.

మరి బ్యాంకు తప్పనిసరిని ఒప్పుకున్నవాళ్లం, ఫోన్ కంపెనీ తప్పనిసరి దగ్గర ఎందుకు ఎదురు తిరుగుతాం? నా దృష్టిలో తేడా ఒక్కటే. బ్యాంకుకు బ్రాంచి ఉంది. ఫోన్ పోయిందనుకోండి, ఆధార్ కార్డూ పాస్‌బుక్కూ పట్టుకుని వెళ్లి క్యూలో నిలబడతాం. గుమస్తా విసుక్కుంటాడు, రేపు రమ్మంటాడు, సంతకం కలవలేదంటాడు. అయినా చివరికి ఒక మనిషి మన మొహం చూసి, కాగితాలు చూసి, కొత్త నంబరు ఎక్కించే అధికారంతో అక్కడ కూర్చుని ఉన్నాడు. మన ఫొటోలు, ఉత్తరాలు, పరిచయస్తుల నంబర్లు దాచిన ఖాతాకు అలాంటి బల్ల ఏ ఊళ్లోనూ లేదు. షోరూముకు వెళ్లినా అక్కడి కుర్రాడు వెబ్‌సైటే చూపిస్తాడు.

బల్ల లేకపోవడం పూర్తిగా కంపెనీల పిసినారితనం కాదని కూడా చెప్పాలి. హోనన్ కొంప ముంచింది కస్టమర్ కేర్‌లో జాలిపడిన మనిషే. జాలిపడే అధికారం మనిషికిస్తే ఆ జాలిని నటించి సంపాదించే దొంగ తయారవుతాడు. అందుకని కంపెనీలు మనిషిని తీసేసి అక్కడ కాలాన్ని కూర్చోబెట్టాయి. ఆపిల్ ఖాతా తిరిగి పొందాలని దరఖాస్తు పెడితే రోజుల తరబడి ఆగమంటుంది. మనకు నరకంగా తోచే ఈ ఆలస్యం వెనక ఒక లెక్క ఉంది. ఈలోగా అసలు యజమానికి కబురు వెళుతుంది, అతడు కాదంటే దరఖాస్తు ఆగిపోతుంది. ఆలస్యం వల్ల ఎక్కువ నష్టపోయేది దొంగే.

కాలాన్ని ఇలా కాపలా పెట్టడం ఎంత అవసరమో 2023లో ఇంకో రకంగా బయటపడింది. అమెరికాలో బార్లలో దొంగలు పక్కవాళ్ల భుజం మీదుగా స్క్రీన్ పాస్‌కోడ్ చూసి, ఆపైన ఐఫోన్ లాక్కుపోయేవారు. పాస్‌కోడ్ ఉన్న ఫోన్ చేతికొస్తే రెండు అంచెలూ వచ్చేసినట్టే. వాళ్లు వెంటనే ఖాతా పాస్‌వర్డ్ మార్చేవారు, సొంతదారే తన ఖాతా ముందు దొంగలా నిలబడేవాడు. అతణ్ని రక్షించడానికి పెట్టిన నియమాలన్నీ అప్పుడు దొంగను రక్షించేవి. 2024 జనవరిలో ఆపిల్ ఒక సవరణ తెచ్చింది. దాన్ని ఆన్ చేసుకుంటే, తెలియని చోట ముఖ్యమైన మార్పులు చేయాలనుకున్నవాడు ముఖమో వేలిముద్రో చూపాలి, గంట ఆగి మళ్లీ చూపాలి.

విసుగు వేరే రకం ప్రమాదాన్నీ తెస్తుంది. 2022 సెప్టెంబరులో ఉబర్‌లో పనిచేసే ఒక కాంట్రాక్టర్ పాస్‌వర్డ్ దొంగ చేతికి చిక్కింది. రెండో అంచెగా అతని ఫోన్‌కు "అనుమతించాలా?" అనే ప్రశ్న వచ్చేది. దొంగ ఆ ప్రశ్నను పదేపదే పంపించాడు. చివరికి అతను అనుమతించాడు, కంపెనీ లోపలికి దారి దొరికింది. అందుకే మైక్రోసాఫ్ట్ 2023 మే నుంచి ఊరికే నొక్కితే ఒప్పుకోదు, తెర మీద కనిపించే రెండంకెల సంఖ్యను ఫోన్‌లో కొట్టమంటుంది. జనం బుర్రతక్కువ వల్ల భద్రత చెడుతోందనే వాదనకు ఆంజెలా సాస్, ఆన్ ఆడమ్స్ 1999లోనే జవాబిచ్చారు. మనిషి పనితీరుకు పొసగని నియమాలు పెడితే వాటిని దాటేసే అడ్డదారులు పుడతాయని చూపించారు. మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కార్మాక్ హెర్లీ 2009లో ఇంకో అడుగు ముందుకేశాడు. అమెరికాలో ఇంటర్నెట్ వాడే 18 కోట్ల మంది సమయంలో ఒక్క గంట విలువ, కనీస వేతనానికి రెట్టింపు చొప్పున, 260 కోట్ల డాలర్లని లెక్కగట్టాడు. సలహాలిచ్చేవాళ్లు ఈ ఖర్చును సున్నాగా చూస్తున్నారనీ, అలాంటి సలహాను జనం పెడచెవిన పెట్టడం తెలివైన పనేననీ వాదించాడు. కోర్టుకెక్కిన ఆయన రెండు నిమిషాల గోల ఇప్పుడు అంత వెర్రిగా కనిపించదు.

ఆరంకెలకు బదులుగా పాస్‌కీలు వస్తున్నాయి. ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ కలిసి వీటిని తెస్తామని 2022 మేలో ప్రకటించాయి. ఇందులో రహస్య సంఖ్య మన యంత్రం వైపే ఉంటుంది, సైటుకు వెళ్లదు. సైటు దగ్గర ఉండేది దానికి జతైన బహిరంగ సంఖ్యే, దాన్ని ఎత్తుకుపోయినా పనికిరాదు. లాగిన్‌కు వేలిముద్ర వేస్తే చాలు. నకిలీ సైటుకు వెళ్లినా, పేరులో ఒక్క అక్షరం తేడా ఉంటే ఫోన్ సంతకం పెట్టదు. నాన్నగారిని ఎవడూ ఫోన్‌లో అడగలేడు, ఆయనకు చదివి చెప్పడానికి అంకెలే ఉండవు. లాగిన్ దగ్గరి చిరాకులో చాలా భాగం దీంతో పోతుంది. మన దేశంలో చెల్లింపులకు కూడా 2026 ఏప్రిల్ నుంచి ఎస్సెమ్మెస్ ఓటీపీ ఒక్కదాన్నే పట్టుకు వేలాడకుండా వేరే పద్ధతులకు రిజర్వు బ్యాంకు దారి తెరిచింది. పాస్‌కీ ఉన్న యంత్రాలన్నీ ఒకేసారి పోతే మాత్రం మళ్లీ పాత ప్రశ్నే, ఎవరు నువ్వు?

అందుకే తప్పనిసరి చేసిన కంపెనీని నిలదీయాల్సింది మొదటి తలుపు దగ్గర కాదు, తిరిగొచ్చే దారి దగ్గర. దావా వేసినాయన తప్పు గుమ్మం ముందు పోట్లాడాడు. తప్పనిసరి అన్నవాళ్లు, పోగొట్టుకున్నవాడు ఎక్కడికి వెళ్లాలో, ఎన్ని రోజులు పడుతుందో, ఏ కాగితం చెల్లుతుందో ముందే రాసివ్వాలి. విద్యుత్ మీటరు పెట్టేవాడికి ఫిర్యాదుల గడువు ఉన్నప్పుడు వీళ్లకెందుకు ఉండకూడదు?

అది వచ్చేదాకా మన చేతిలో ఉన్నవి కొన్ని. ఒక్క నంబరుతో ఖాతా వదిలేయొద్దు, ఇంట్లో ఇంకొకరి నంబరు కూడా కలపాలి. గూగుల్ ఇచ్చే పది బ్యాకప్ కోడ్‌లను ప్రింటు తీసి ఇంటి దస్తావేజుల సంచిలో పెట్టాలి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవడం దండగ. ఆపిల్ వాడేవాళ్లు నమ్మకమైన మనిషిని రికవరీ కాంటాక్ట్‌గా పెట్టుకోవచ్చు. విదేశం వెళ్లేవాళ్లు పాత సిమ్ వదిలేముందు ఖాతాలన్నిట్లో నంబరు మార్చాలి.

ఇంకొకటి మనవాళ్లు మాట్లాడటానికి ఇష్టపడనిది. యజమాని చనిపోతే రెండో అంచెకు జవాబిచ్చేవారే ఉండరు. సిమ్ ఆగిపోతుంది, ఫోన్ తాళం వేలిముద్రతో పోతుంది, కుటుంబం పిల్లల చిన్ననాటి ఫొటోల కోసం కంపెనీకి ఉత్తరాలు రాస్తుంది. ఎన్నాళ్లో వాడకుండా పడి ఉన్న ఖాతా ఎవరికి అందాలో ముందే చెప్పే ఏర్పాటు గూగుల్ 2013లో పెట్టింది. ఆపిల్‌లో 2021 డిసెంబరు నుంచి, మన తర్వాత ఖాతా చూడాల్సిన మనిషిని లెగసీ కాంటాక్ట్‌గా ఎంచుకోవచ్చు. ఆయనకు ఇచ్చిన కీ, మరణ ధ్రువీకరణ పత్రం రెండూ సమర్పిస్తే ఫొటోలూ ఫైళ్లూ చూడనిస్తారు, దాచిన పాస్‌వర్డ్‌లు మాత్రం ఇవ్వరు. మొదటి అభ్యర్థన మంజూరైన నాటి నుంచి మూడేళ్లకు ఖాతాను పూర్తిగా తొలగిస్తారు, కాబట్టి కావలసినవన్నీ ఆలోపే వేరే చోటికి దించుకోవాలి.